అవార్డులు కొట్టేసి చదవండి: మొక్కల కెమిస్ట్రీలో పెద్దవాళ్ల కెరీర్ల నుంచి మనం ఏం తీసుకోవాలి

ఎమ్మెస్సీ ఆర్గానిక్ అయిపోయి చెన్నైలో దిగిన మన పిల్లలు నన్ను అడిగే ప్రశ్న దాదాపు ఒకటే. "అన్నా, నేచురల్ ప్రొడక్ట్స్‌లోకి వెళ్తే కెరీర్ ఉంటుందా?" దాని వెనకే ఇంకోటి: "ఏ మొక్క మీద చేస్తే మంచిది?" నేచురల్ ప్రొడక్ట్స్ అంటే మొక్కల్లాంటి వాటిలో దొరికే అణువుల కెమిస్ట్రీ. నేను రెండింటికీ జవాబు చెప్పను. ఒక లాంగ్ నోట్‌బుక్ కొనుక్కుని, ఈ రంగంలో పెద్దవాళ్లు నలుగురైదుగురి జీవితాలు అందులోకి ఎక్కించి, తర్వాత ఫోన్ చేయమంటాను. స్కూల్ ప్రాజెక్టులా ఉందే అని నవ్వుతారు. స్కూల్లో మనం చేసింది ఫొటో అతికించి, పుట్టిన తేదీ రాసి, కింద అవార్డుల లిస్టు పెట్టడం. ఇక్కడ మొదటి పనే ఆ లిస్టుని కొట్టేయడం. అవార్డు అనేది పని అయిపోయిన పదేళ్లకో ఇరవయ్యేళ్లకో వస్తుంది, ఇరవై మూడేళ్ల వయసులో రేపు పొద్దున ఏం చేయాలో తేల్చుకోవాల్సిన మీకు అది పనికిరాదు.

ఎడమ అంచున ఏడాది వేసుకుని, అడ్డంగా ఐదు గడులు గీయండి: ఊరు, గురువు, పదార్థం, చేతిపని, డబ్బు. పదార్థం అంటే ఆ మనిషి ఏ వేరు, ఏ ఆకు, ఏ కాలేయం ముక్క ముందు పెట్టుకుని కూర్చున్నారన్నది. చేతిపని అంటే ఆ రోజుల్లో ఆయన పక్క బెంచీ వాళ్ల కంటే బాగా చేయగలిగింది ఏమిటి అన్నది. డబ్బు అంటే జీతం అంకె కాదు, ఆ ఏడాది అన్నం ఎవరు పెట్టారు, గాజుసామాను ఎవరు కొన్నారు అన్నది. ఈ ఆఖరి గడి నింపడమే కష్టం, జీవితచరిత్రలు రాసేవాళ్లకి డబ్బు గురించి మాట్లాడటం ఎందుకో మొహమాటం.

మొదటి పేజీ యల్లాప్రగడ సుబ్బారావుగారిది. మనవాడని కాదు (సరే, కొంచెం అందుకు కూడా), ఆయన కథలో సగం మీరు లోకల్ ట్రైన్ ఎక్కి వెళ్లి చూడగలిగిన దూరంలో జరిగింది కాబట్టి. 1895లో భీమవరంలో పుట్టారు. మెట్రిక్ మూడో ప్రయత్నంలో గానీ గట్టెక్కలేదు, అదీ ట్రిప్లికేన్‌లోని హిందూ హైస్కూల్ నుంచి. తర్వాత మెరీనా ఎదురుగా ఉన్న ప్రెసిడెన్సీ కాలేజీ, ఆ తర్వాత సెంట్రల్ స్టేషన్ దగ్గర మద్రాస్ మెడికల్ కాలేజీ. గాంధీగారి పిలుపు విని ఖద్దరు సర్జికల్ కోటు వేసుకుంటే సర్జరీ ప్రొఫెసర్‌కి ఒళ్లు మండింది, చివరికి ఎంబీబీఎస్ బదులు దానికంటే తక్కువదైన ఎల్ఎంఎస్ చేతికొచ్చింది. ప్రభుత్వ వైద్య సర్వీసులో చోటు దొరకలేదు. మద్రాసులోనే ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కాలేజీలో అనాటమీ పాఠాలు చెప్పుకున్నారు.

ఇక్కడ ఆగి ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టండి. ఎవరు రాసినా ఆ ఏళ్లని ఒక్క వాక్యంలో దాటేస్తారు, మీరు దాటకండి. సుబ్బారావుగారి అన్నదమ్ములిద్దరు స్ప్రూ అనే పేగుల జబ్బుతో కొద్ది రోజుల తేడాలో పోయారు. ఆయనకీ అదే జబ్బు చేస్తే నయం చేసింది లక్ష్మీపతిగారే. రెండు దశాబ్దాలు దాటాక, 1945లో, అమెరికాలోని లెడర్లీ ల్యాబ్‌లో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ని సింథసైజ్ చేసింది, స్ప్రూ రోగుల రక్తహీనతకి పనిచేసింది అదే మందు. పనికిమాలిన ఏళ్లు అనిపించిన చోట పదార్థం గడి తనంతట తనే నిండుతోంది, ఆ మనిషికి కూడా అప్పటికి తెలియకపోయినా.

డబ్బు గడిలో ఏముంది? మామగారి సాయం, కాకినాడ మల్లాడి సత్యలింగం నాయకర్ చారిటీస్ సాయం. 1922 అక్టోబరులో బోస్టన్‌లో దిగితే ఎల్ఎంఎస్‌ని చూసి ఎవరూ ఇంటర్న్‌షిప్ ఇవ్వలేదు, రాత్రిళ్లు ఆసుపత్రిలో బెడ్‌ప్యాన్లు కడిగే పోర్టర్ పని చేసుకుంటూ హార్వర్డ్‌లో ట్రాపికల్ మెడిసిన్ చదివారు. మీ రూమ్మేట్ స్విగ్గీ నడుపుతూ నెట్ పరీక్షకి ప్రిపేర్ అవుతున్నాడని జాలిపడకండి.

ఇప్పుడు చేతిపని. ఈ గడి కోసమే నేను ఈ పేజీ మొదట రాయమనేది. 1925లో సైరస్ ఫిస్క్‌తో కలిసి సుబ్బారావుగారు ఫాస్ఫరస్‌ని కొలిచే పద్ధతి ఒకటి తయారుచేశారు. శాంపిల్‌కి యాసిడ్‌లో కరిగిన మాలిబ్డేట్ కలుపుతారు, తర్వాత దాన్ని రెడ్యూస్ చేసే రియేజెంట్ కొద్దిగా, కాసేపట్లో నీలం రంగు తేలుతుంది, నీలం ఎంత చిక్కగా ఉంటే ఫాస్ఫరస్ అంత. బయోకెమిస్ట్రీ ప్రాక్టికల్స్‌లో మీలో చాలామంది చేసే ఉంటారు, పరీక్షలో ఆ పేరు రాసి మార్కులు తెచ్చుకునే ఉంటారు. సరే, ఇదే పరీక్ష కండరం నుంచి తీసిన రసంతో చేస్తే నీలం వెంటనే తేలలేదు, మెల్లగా, నిమిషాలు గడిచేకొద్దీ ముదురుతూ వచ్చింది. ఇంకొకరైతే రియేజెంట్ పాతబడిందని సింకులో పోసేవారు. తన పద్ధతి మీద తనకి ఎంత నమ్మకం ఉండాలంటే, తప్పు రియేజెంట్‌ది కాదు, కండరంలో ఫాస్ఫేట్‌ని పట్టుకుని మెల్లగా వదులుతున్న పదార్థమేదో ఉంది అని అనుకోగలగాలి. అదే ఫాస్ఫోక్రియాటిన్, 1927. రెండేళ్లకి, కణాలకి శక్తినిచ్చే ఏటీపీ. ఆ తర్వాత కూడా హార్వర్డ్ పర్మనెంట్ ఉద్యోగం ఇవ్వలేదు, 1940లో ఆయన లెడర్లీ అనే మందుల కంపెనీ ల్యాబ్‌కి వెళ్లిపోయారు. అక్కడ ఎనిమిదేళ్లలో ఆయన నాయకత్వంలో ఫోలిక్ యాసిడ్ అయింది, దాన్ని కాస్త వంకర తిప్పి క్యాన్సర్ కణాన్ని మోసం చేసే అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ అయ్యాయి, ఫైలేరియాకి హెట్రజాన్ అయింది, నేలలోని సూక్ష్మజీవి నుంచి బెంజమిన్ డగ్గర్ తీసిన యాంటీబయాటిక్ ఆరియోమైసిన్ అయింది. 1948 ఆగస్టులో, 53 ఏళ్లకే, పోయారు. మీ అమ్మమ్మ కీళ్లవాతానికి వారానికోసారి వేసుకునే చిన్న పసుపు మాత్ర ఆ మెథోట్రెక్సేట్ అయి ఉండొచ్చు, స్ట్రిప్ తిప్పి చూడండి.

ఇలా ఐదారు పేజీలు నింపాక నాకు కనిపించింది చెప్తాను. చేతిపని గడి ఖాళీగా ఉండి పదార్థం గడి మాత్రమే నిండిన పెద్ద కెరీర్ ఒక్కటీ లేదు. "ఏ మొక్క?" అన్న ప్రశ్నకి నేను జవాబు చెప్పనిది అందుకే. ముందు మీ చేతికి ఏ పని వచ్చు అన్నది తేలాలి.

రెండో పేజీ టి.ఆర్. శేషాద్రిగారిది పెట్టుకోండి. 1900లో కావేరి ఒడ్డున కుళిత్తలైలో పుట్టి, ప్రెసిడెన్సీలో చదివి, మాంచెస్టర్‌లో రాబర్ట్ రాబిన్సన్ దగ్గర పీహెచ్‌డీ చేసి వచ్చిన తమిళాయన, 1934లో వాల్తేరు వచ్చి ఆంధ్ర యూనివర్సిటీ కెమిస్ట్రీని నిలబెట్టారు. ఆయన పదార్థం గడి చూస్తే నాకు ముచ్చటేస్తుంది: పత్తి పూలు, వాటిలోని పసుపు రంగులు, ఆ తర్వాత రాళ్ల మీద, చెట్ల బెరడు మీద పెరిగే లైకెన్లు. లైకెన్ అంటే ఏదో అనుకోకండి, బిర్యానీలో వేసే రాతిపువ్వు, ఇక్కడి కొట్లలో కల్పాసి అని అడగాలి, అదే జాతి. ఖరీదైనది, అరుదైనది ఒక్కటీ లేదు. గది బయట పెరిగేదాన్ని తెచ్చి, లోపల అణువుని ముక్కలు చేసి, ముక్కల్ని గుర్తుపట్టి, మళ్లీ మొదటి నుంచి కట్టి చూపించి "ఇదీ దీని నిర్మాణం" అనేవారు. అణువు నిర్మాణాన్ని గ్రాఫుగా చూపించే ఎన్ఎమ్ఆర్ మెషీన్ లేని రోజులు, నిర్మాణం తేలాలంటే సింథసిస్ రావాల్సిందే. యుద్ధం రోజుల్లో క్యాంపస్ ఖాళీ చేయాల్సి వచ్చి గుంటూరుకి సామాను సర్దుకున్నా పని ఆగలేదు. 1949లో ఢిల్లీ వెళ్లిపోయారు, కానీ వాల్తేరులో ఎల్. రామచంద్రరావుగారి లాంటి శిష్యులు మిగిలారు.

గురువు గడిలో పేర్లు రాసి వదిలేయకుండా పేజీల మధ్య బాణాలు గీయండి. రాబిన్సన్ నుంచి శేషాద్రికి ఒక బాణం. అదే మాంచెస్టర్‌లో రాబిన్సన్ దగ్గరే చదివిన మద్రాసాయన కె. వెంకటరామన్‌కి ఇంకోటి (బేకర్-వెంకటరామన్ రియాక్షన్ అని మెకానిజం బట్టీ పట్టారే, ఆయనే). వెంకటరామన్ పుణె నేషనల్ కెమికల్ లేబొరేటరీకి డైరెక్టర్ అయ్యాక అక్కడ ఆయన దగ్గర పీహెచ్‌డీ చేసిన గుంటూరు అబ్బాయి ఎ.వి. రామారావు. పనస చెక్కలో పసుపు రంగుల మీద ఆ ల్యాబ్ వరసగా పేపర్లు వేసింది. ఆ చేతితోనే తర్వాత రామారావుగారు హైదరాబాద్‌లోని ప్రభుత్వ కెమిస్ట్రీ పరిశోధనా సంస్థ ఐఐసీటీలో మందుల సింథసిస్‌కి వెళ్లారు. పనస చెక్క నుంచి మందుల కంపెనీల దాకా ఒక్క గీత. ఈ బాణాలు చూశాక మీకు గైడ్‌ని ఎంచుకునేటప్పుడు హెచ్-ఇండెక్స్ (పేపర్లని ఎంతమంది ఉటంకించారన్న లెక్క) కాకుండా ఇంకొకటి అడగాలనిపిస్తుంది: ఈయన దగ్గర పిల్లలకి చేతిపని ఏది వస్తోంది?

చెన్నైలో ఉండి టి.ఆర్. గోవిందాచారిగారి పేజీ రాయకపోతే బాగుండదు. ప్రెసిడెన్సీలో ప్రొఫెసర్, ప్రిన్సిపాల్, ఆల్కలాయిడ్ల (మొక్కల్లో ఉండే నైట్రోజన్ పదార్థాలు) మీద పట్టు, ఆ తర్వాత బొంబాయిలో స్విస్ మందుల కంపెనీ సీబా వాళ్ల రీసెర్చ్ సెంటర్. అమెరికాలో మన్రో వాల్, మన్సుఖ్ వాని 1966లో ఒక చైనా చెట్టు నుంచి కాంప్టోథెసిన్ తీశారు, క్యాన్సర్ కణాల మీద గట్టిగా పనిచేసింది, కానీ సరుకు ఎక్కడిది? 1972లో గోవిందాచారి, విశ్వనాథన్ అదే అణువుని మన పడమటి కనుమల్లోని ఒక చెట్టులో, చైనా చెట్టు కంటే చాలా ఎక్కువ మోతాదులో దొరుకుతుందని చూపించారు. ఆ అణువు నుంచి పుట్టిన క్యాన్సర్ మందులు టోపోటెకాన్, ఇరినోటెకాన్ 1996లో అమెరికాలో అనుమతి పొందాయి. ఆ చెట్టుకి మాత్రం గిరాకీ పెరిగి అడవిలో నరికివేత మొదలైంది, అది కూడా పేజీలో రాసుకోండి. రిటైరయ్యాక ఆయన చెన్నై తిరిగొచ్చి వేప మీద పనిచేశారు.

కలకత్తా కెమిస్టు ఆసిమా ఛటర్జీ (1917–2006) పేజీలో డబ్బు గడి కింద ఇంకో గడి కలపాల్సి వస్తుంది: ఇల్లు. 1944లో డాక్టర్ ఆఫ్ సైన్స్ (డీఎస్సీ) పట్టా, 1947లో పసిబిడ్డని వెంటబెట్టుకుని అమెరికా, తర్వాత జూరిక్‌లో పాల్ కారెర్ దగ్గర ఆల్కలాయిడ్లు, తిరిగొచ్చి కలకత్తా. అమ్మాయిలు ఫోన్ చేసినప్పుడు పెళ్లి సంగతి ఎత్తుతారు, నా దగ్గర సలహా ఏమీ లేదు, ఈ పేజీ మాత్రం నెమ్మదిగా చదవమంటాను. బిడ్డని ఎవరు చూసుకున్నారు అని అడిగితే జవాబు ఉంది, ఆయాని కూడా తీసుకెళ్లారు.

మనుషుల పేజీలు అయ్యాక ఒక్క మొక్కకి పేజీ రాయండి, కళ్లు తెరుచుకుంటాయి. సర్పగంధ తీసుకోండి. 1931లో ఢిల్లీలో సలీముజ్జమాన్ సిద్దిఖీ దాని వేరు నుంచి అజ్మలిన్ తీసి తన పోషకుడు హకీం అజ్మల్ ఖాన్ పేరు పెట్టారు. 1949లో బొంబాయి డాక్టరు రుస్తుం జాల్ వకీల్ రక్తపోటు రోగుల మీద ఆ వేరు పనితనాన్ని బ్రిటిష్ పత్రికలో రాశారు. 1952లో స్విట్జర్లాండ్ సీబా వాళ్లు అదే వేరు నుంచి రక్తపోటు తగ్గించే రిసర్పిన్ తీశారు. 1956లో అమెరికా కెమిస్టు ఉడ్‌వర్డ్ దాన్ని ఫ్లాస్కులో మొదటి నుంచి కట్టేశాడు. ఒకే వేరు, పాతికేళ్లు, నాలుగు రకాల మనుషులు: విడదీసేవాడు, రోగిని చూసేవాడు, కంపెనీ, కట్టేవాడు. మీరు ఇందులో ఎవరు అవుతారో అన్నది "నేచురల్ ప్రొడక్ట్స్‌లోకి వెళ్లాలా" అన్నదాని కంటే మంచి ప్రశ్న. బిళ్ళగన్నేరు పేజీ కూడా రాయొచ్చు, ఇక్కడ నిత్యకళ్యాణి అంటారు, మీ ఇంటి ఓనరు తొట్టిలోనే ఉంటుంది. కెనడాలో నోబుల్, బీర్ దాన్ని షుగర్ జబ్బుకి పరీక్షిస్తే షుగర్ తగ్గలేదు, ఎలుకల్లో తెల్ల రక్తకణాలు పడిపోయాయి, క్యాన్సర్ మందు విన్‌బ్లాస్టిన్ అలా దొరికింది.

పేజీలు నింపడానికి వికీపీడియా చాలదు. ఆ మనిషి మొదటి పేపరు, పేరు తెచ్చిన పేపరు, ఈ రెండూ తెచ్చుకుని ప్రయోగం భాగం మాత్రమే చదవండి. ముందుమాట అందరూ బాగానే రాస్తారు, చేతిపని ప్రయోగంలోనే కనబడుతుంది. చైనా శాస్త్రవేత్త తు యూయూ సంగతి చూడండి. మలేరియా మందు కోసం చైనా పాత వైద్యగ్రంథాలు తిరగేస్తుంటే, గె హోంగ్ రాసిన ఒక పుస్తకంలో చింగ్‌హావ్ అనే మొక్క ఆకుని నీళ్లలో నానబెట్టి పిండి రసం తాగమని ఉంది, మరిగించమని లేదు. వేడికి మందు పాడవుతోందేమో అనుకుని ఆవిడ తక్కువ వేడికే మరిగే ఈథర్‌తో తీశారు, 1971 అక్టోబరులో 191వ శాంపిల్ ఎలుకల్లో పరాన్నజీవిని పూర్తిగా తుడిచేసింది. 2015 నోబెల్ సంగతి అందరికీ తెలుసు. మీకు కావలసింది సాల్వెంట్ (మందుని కరిగించి తీసే ద్రవం) పేరు, ఉష్ణోగ్రత.

ఇక మీ సొంత పేజీ. నాది ఎలా మొదలైందో చెప్తే నవ్వుకుంటారు. పునర్నవ మీద చేద్దామని పారిస్ కార్నర్ వెనక సందుల్లో ఒక నాటుమందు కొట్టుకి వెళ్లాను. గల్లా దగ్గర పెద్దాయన తాతల నాటి నుంచి ఇక్కడే ఉన్న తెలుగాయన.

"పునర్నవ అంటే ఏది బాబూ, మూక్కిరట్టయా, సారణయా?"

"గలిజేరు అండీ."

"మరి గలిజేరంటే సారణ. పునర్నవంటే మూక్కిరట్ట. మీ ఊళ్లో రెంటికీ ఒకటే పేరు."

నాకు అర్థం కాలేదు, ఏదో ఒకటి ఇవ్వండి అన్నాను. కిలో ఎండుసరుకు, అప్పటికే తుంపులు తుంపులుగా నలిగిపోయి ఉంది, గుర్తుపట్టడానికి పూవు లేదు, కాయ లేదు. ఐదు నెలలు దాని రసాన్ని విడదీసే కాలమ్‌లు వేశాక బోటనీ మేడమ్ ఒకావిడ మిగిలిన సరుకు చూసి, ఇందులో రెండు మొక్కలు కలిసున్నాయమ్మా అన్నారు. అసలు పునర్నవ, అంటే అటికమామిడి, కాయలు జిగురుగా ఉండి మన ప్యాంటుకి అంటుకుంటాయి, గలిజేరు ఆకు మందంగా, పూవు ఆకు మొదట్లో ఒదిగి ఉంటుంది, పచ్చి మొక్క చేతిలో ఉంటే చిన్నపిల్లాడు కూడా చెప్తాడు. అందుకని మొక్క కొట్లో కొనకండి, పూవుతో కాయతో కోసి, పేపర్ల మధ్య నొక్కి ఎండబెట్టి, తేదీ, చోటు రాసి, టాక్సానమీ తెలిసినవాళ్ల చేత పేరు రాయించి నంబరు వేయించుకున్నాకే గ్రైండర్‌లో వేయండి. మద్రాస్ హెర్బేరియం ఉందిగా అంటారేమో, పేరుకే మద్రాసు, ఉండేది కోయంబత్తూరులో. శాంపిల్ బయట దేశం పంపే ఆలోచన ఉంటే ముందే నేషనల్ బయోడైవర్సిటీ అథారిటీ రూల్స్ చదువుకోండి, ఆ ఆఫీసు మన తారామణిలోనే ఉంది.

రెండో దెబ్బ ఇంకా అందమైనది. కొత్త అణువు దొరికిందని ఇంటికి ఫోన్ చేసి అమ్మకి కూడా చెప్పేశాను. ఎన్ఎమ్ఆర్‌ గ్రాఫులో 7.5, 7.7 దగ్గర చక్కటి పీకుల జంట, 4.2 దగ్గర ఒక గుంపు. సీనియర్ ఒకడు ఆ కాగితం చూసి, "సాల్వెంట్ ఏ డబ్బాలో పెట్టావురా?" అన్నాడు. ప్లాస్టిక్ డబ్బాలో. నేను కనుక్కున్నది థాలేట్, ప్లాస్టిక్‌ని మెత్తబరచడానికి కలిపే నూనె. గాజు సీసాలే వాడండి, మొక్క వేయకుండా ఖాళీ సాల్వెంట్‌ని కూడా ఆవిరి చేసి ఒకసారి స్పెక్ట్రమ్ తీయండి.

చేతిపని గడిలో మొదటి ఏడాది ఇవి ఉంటే చాలు: టీఎల్‌సీ ప్లేటు (కలిసిన పదార్థాలని చుక్కలుగా విడదీసి చూపే పలక) మీద చుక్కలు సాగకుండా పెట్టడం, హెక్సేన్–ఇథైల్ ఎసిటేట్ సాల్వెంట్ల నిష్పత్తి మార్చుకుంటూ చుక్కల్ని విడదీయడం, అదే ప్లేటుని యూవీ కింద, అయోడిన్‌లో, స్ప్రే కొట్టి మూడు రకాలుగా చూడటం, పగుళ్లు లేకుండా సిలికా కాలమ్ నింపడం, సొంతంగా ఎన్ఎమ్ఆర్ చదవడం. పెద్ద మెషీన్లు మీ కాలేజీలో లేకపోతే దిగులుపడొద్దు, ఐఐటీ మద్రాస్‌లోని ఇన్‌స్ట్రుమెంట్ ఫెసిలిటీ బయటవాళ్ల శాంపిళ్లు కూడా ఫీజు తీసుకుని చేస్తుంది. డబ్బు గడికి నెట్, గేట్ రాయక తప్పదు, ఫెలోషిప్ సొంతంగా ఉన్నవాడికి గైడ్ దగ్గర మాట చెల్లుతుంది, అది ఎవరూ పైకి అనరు.

గైడ్‌కి మెయిల్ రాసేటప్పుడు "ఐ యామ్ వెరీ ప్యాషనేట్" అని మొదలుపెట్టకండి. ఆయన పేపరు ఒకటి తీసుకుని, అందులో ప్రయోగం భాగంలో మీకు అర్థం కాని ఒక్క స్టెప్ గురించి అడగండి, కింద మీకు వచ్చిన చేతిపనులు మూడు లైన్లలో రాయండి, రానివి రాయకండి. నోట్‌బుక్‌లో మీ పేరుతో ఒక పేజీ తెరిచి, ఆ మెయిల్ పంపిన తేదీని ఎడమ అంచున వేసుకోండి. జవాబు రాకపోతే పదిహేను రోజులాగి ఇంకోసారి పంపండి, జూన్‌లో అయితే వాళ్లు అడ్మిషన్ల హడావుడిలో ఉంటారు.